కంచె మీద నేను వేసిన నింద

ఇందులో ప్రతి అక్షరమూ నిజం. నాకు అన్నం పెట్టే స్క్రూడ్రైవర్ మీద ఒట్టు, అది కనపడాలంటే పెట్టుకోక తప్పని నా కళ్లజోడు మీద ఒట్టు. మదనపల్లెలో నన్ను ఎరిగినవాళ్లు ఈ మాట చదివి నవ్వుకుంటారని తెలుసు. నవ్వుకోండి. ఈ ఒక్కసారికి మాత్రం నమ్మండి.

రెండేళ్ల కిందటి కార్తీక మాసం. రాగి చేలు కోతకు వస్తున్న రోజులు. మదనపల్లె బస్టాండుకు దగ్గర్లో నాకు కంప్యూటర్లు బాగుచేసే అంగడి ఉంది. కొత్తవి అమ్మేవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు. నా దగ్గరికి వచ్చేవి పాతవి, అందులోనూ ఇంజనీరింగ్ పని చేసేవాళ్లవి. ఇంటి ప్లాన్లు గీసేవాళ్లు, పొలాలు సర్వే చేసేవాళ్లు, గ్రానైట్ ఫ్యాక్టరీల్లో రాళ్ల కొలతలు వేసేవాళ్లు. వీళ్లందరూ వాడేది క్యాడ్ అనే రకం సాఫ్ట్‌వేర్. కాగితం, స్కేలు, పెన్సిలు కలిసి చేసే పనంతా అది తెరమీద చేస్తుంది. ఎప్పుడో కొన్న పాత క్యాడ్ కొత్త మిషన్ మీద ఎక్కనంటుంది, కొత్త క్యాడ్‌ను పాత మిషన్ మోయలేనంటుంది. అందుకని వీళ్లు పాత మిషన్లను ముసలి ఎద్దుల్లాగా సాకుతుంటారు. నాకు అదే బతుకుదెరువు.

ఈ మిషన్లకు వచ్చే పెద్ద జబ్బు క్రాష్. అంటే, గీస్తూ గీస్తూ ఉండగా సాఫ్ట్‌వేర్ ఉన్నట్టుండి మూతపడిపోవడం. ‘ఫేటల్ ఎర్రర్’ అని తెరమీద ఒక చిన్న డబ్బా వస్తుంది. దాని కింద ఓకే అని ఉంటుంది. ఓకే నొక్కడం తప్ప మనం చేయగలిగింది ఏమీ లేదు, నొక్కగానే సేవ్ చేయని పనంతా పోతుంది. కారణం చూడగానే చెప్పలేం. మెమరీ చెడి ఉండొచ్చు, గ్రాఫిక్స్ కార్డును నడిపే డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాం పాతదై ఉండొచ్చు, డ్రాయింగ్ ఫైలే పాడై ఉండొచ్చు. అనుమానాలను ఒక్కొక్కటిగా తీసేస్తూ పోవాలి. ఓపికతో చేసే పని. నాకు ఓపిక తక్కువ, నోరు ఎక్కువ.

నోటి సంగతి కూడా చెప్పాలి. మిషన్ ముందు కూర్చుని నేను మాట్లాడకుండా ఉంటే, వీడికి ఏమీ తెలియదని గిరాకీకి అనుమానం వస్తుంది. అందుకని కారణం దొరికేదాకా ఒక కథ చెబుతాను. పుంగనూరులో సర్వేలు చేసే రెడ్డెప్ప నాకు పాత స్నేహితుడు. ఒకసారి అతని ఆఫీసులో గీసిన గీతలు వాటంతట అవే మాయమవుతుంటే, కీబోర్డులో బల్లి కాపురం పెట్టిందనీ, ఎస్కేప్ బటను కింద గుడ్లు పొదుగుతోందనీ చెప్పాను. నిజానికి ఆ బటను ఇరుక్కుపోయి ఉంది, అంతే. రెడ్డెప్ప నమ్మలేదు గాని ఆ కథను పుంగనూరంతా చెప్పి నవ్వించాడు. దాంతో నాకు కొత్త గిరాకీలు వచ్చారు. అప్పటినుంచీ నా పనిముట్ల సంచిలో అబద్ధం కూడా ఒకటైంది.

ఆ కార్తీకంలో కుప్పం పక్కనుంచి సుజాత ఫోన్ చేసింది. ఆ అమ్మాయి సివిల్ డిప్లొమా చదివి, బెంగుళూరులో ఒక బిల్డింగ్ డిజైన్ల ఆఫీసులో డ్రాయింగులు గీసేది. బిడ్డ పుట్టాక రామకుప్పం వైపు పల్లెలో ఉన్న అత్తగారింటికి వచ్చేసింది. ఇంటినుంచే పని చేస్తానని ఆఫీసువాళ్లను బతిమాలి ఒప్పించింది. దానికోసం మా అంగట్లోనే సెకండ్‌హ్యాండ్ మిషన్ కొనుక్కుంది.

“శీనన్నా, మళ్లా పడిపోయింది. పొద్దున్నించీ ఇదే వరస.”

“ఏం చేస్తా ఉంటే పడిపోతాండాదమ్మా?”

“బిల్డింగును తిప్పి సూస్తే సాలు. ఫ్లాటుగా గీస్తే ఏం కాదు. త్రీడీలోకి పోయి అటూ ఇటూ తిప్పితే మూసుకుంటాది. స్కూలు బిల్డింగు డ్రాయింగులన్నా. సోమవారం పంపాల. పంపకుంటే ఇంట్లో కూసుని చేసింది సాలు, బెంగుళూరుకు రా అంటారు. పాపకు ఇంకా పాలు మాన్పించలేదు.”

అది శుక్రవారం. శనివారం పొద్దున్నే బస్సెక్కాను. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు దాటి కుప్పంలో దిగి, ఆటో పట్టుకుని ఆ పల్లె చేరేసరికి మధ్యాహ్నమైంది.

ఇల్లు ఊరికి ఒక చివర, చేనును ఆనుకుని ఉంది. ముందు గదిలోనే సుజాత ఆఫీసు. ఒక పక్క మంచం, ఇంకో పక్క పాత రాగుల మూటలు, మధ్యలో బల్ల. బల్ల కింద నేల మీద సీపీయూ పెట్టె. దానికి ఒక పక్క గోడ, ఇంకో పక్క మూట, ఇరుకు బస్సులో మూడో మనిషిలాగా కూర్చుని ఉంది. నేను దాన్ని చూశాను. చూసి ఊరుకున్నాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మదనపల్లె నుంచి మెకానిక్ వచ్చాడంటే చూడ్డానికి పక్కిళ్లవాళ్లు కూడా వచ్చారు. సుజాత మామ మునెప్ప ముందు వరసలో నేలమీద కూర్చున్నాడు. అరవై దాటిన మనిషి. తెలియని పనిని కూడా ఎంతో మర్యాదగా చూసే రకం.

“ఇది ఏనుగట్లా మిషన్ అని చెప్పి ఇచ్చినావంట గదప్పా,” అన్నాడు పక్కింటాయన.

“ఏనుగే. ఏనుగుకు జెరం రాదా ఏంది?” అన్నాను. అందరూ నవ్వారు. నాకు హుషారు వచ్చింది.

డ్రైవర్ తీసేసి మళ్లీ వేశాను. మెమరీ పరీక్ష పెట్టాను, బాగానే ఉంది. వేరే డ్రాయింగ్ తెరిచి తిప్పాను, అదీ మూతపడింది. అంటే ఫైలుది తప్పు కాదు. ఇక మిగిలింది పెట్టె విప్పి లోపల చూడడం. నాలుగు స్క్రూల పని. కాని ఆ స్క్రూల మీద నా అంగడి సీలు ఉంది. ‘ఈ సీలు తెగితే గ్యారంటీ లేదు’ అని అచ్చేయించి నేనే అంటించిన కాగితం ముక్క. ఏనుగు అని పొగిడి అమ్మిన మిషన్ కడుపును, అంతమంది ముందు, నా సీలు నేనే చింపి కోయడం నామోషీ అనిపించింది. పైగా చివరి బస్సు తప్పిపోతుందని ఆదుర్దా. స్క్రూడ్రైవర్‌ను సంచిలోంచి తీయనేలేదు.

ఇంకోసారి బిల్డింగును తిప్పాను. సాఫ్ట్‌వేర్ మూతపడింది. సరిగ్గా అప్పుడే వరండాలోంచి వస్తున్న టక్కు టక్కు శబ్దం నా చెవిన పడింది.

“ఏంది పెద్దాయనా అది?”

“కంచెదప్పా,” అన్నాడు మునెప్ప. “ఏనుగులకు వేసిండేది. కంకి పాలు పోసుకునింది మొదలు పగలూ రేయీ ఆపను.”

ఆ పక్క ఊళ్లలో అడవినుంచి వచ్చే ఏనుగులను ఆపడానికి సోలార్ కంచె వేసుకుంటారు. తగిలితే ఏనుగు చావదు గాని చురుక్కుమని వెనక్కి పోతుంది. తీగల్లోకి ఆ దెబ్బ పంపే డబ్బా ఆ ఇంటి వరండా గోడకే ఉంది, గడియారంలా టక్కు టక్కుమంటూ.

నాకు కథ దొరికింది.

“దొంగ దొరికినాడు,” అన్నాను లేచి నిలబడి. “టక్కుమన్న ప్రతిసారీ ఒక దెబ్బ భూమిలోకి దిగతాది. భూమిలోంచి గోడ, గోడలోంచి ప్లగ్గు, ప్లగ్గులోంచి ఈ పెట్టె. ఏనుగును తరిమే దెబ్బ గదా అది. ఇది గూడా ఏనుగే అనుకోని దీన్నీ తరమతాండాది.”

పక్కిళ్లవాళ్లు నవ్వారు. మునెప్ప నవ్వలేదు. లేచి లోపలికి పోయి తన చేతి రేడియో తెచ్చి ఆన్ చేశాడు. పాట వెనకాల సన్నగా టక్కు టక్కు వినిపిస్తోంది.

“సూడండప్పా,” అన్నాడు అందరితో. “నేను ఇన్నాళ్లూ రేడియో సెడిపోయిందనుకుంటి. ఈయప్ప వచ్చి ఒక గడియలో కనిపెట్న్యాడు.”

కంచె డబ్బా శబ్దం రేడియోలో వినబడడం మామూలే. కంప్యూటరును పడగొట్టేంత బలం దానికి లేదు. అప్పుడే నేను నవ్వేసి, తమాషాకు అన్నానని చెప్పి ఉండాల్సింది. కాని నా అబద్ధానికి అంతవరకూ ఎవరూ సాక్ష్యం తెచ్చి ఇవ్వలేదు. ఆ మర్యాద నాకు బాగా నచ్చింది. మందు కూడా రాసిచ్చాను. పెట్టెను కట్టె పీట మీద పెట్టండి, గోడకూ మూటలకూ తగలకుండా గది మధ్యకు లాగండి, కట్టెలో కరెంటు పారదు. సుజాతమ్మ పని చేసేటప్పుడు కంచె ఆపండి.

సుజాత నా మొహంలోకి చూసింది. “నేను ఎక్కువ పని చేసేది పాప పండుకున్నాక గదన్నా. రేత్తిరి కంచె ఆపితే ఎట్ల? నిజంగా దానిదేనా?”

నాకు ఇంకొక అవకాశం ఇచ్చింది ఆ అమ్మాయి. నేనేమన్నానో తెలుసా? “నాకు తెలిసింది చెప్పినానమ్మా. ఆపైన మీ ఇష్టం.”

“రెండు రేయిలే గదా,” అన్నాడు మునెప్ప. “నేను టపాకాయలు పెట్టుకోని కావిలుంటా. నువ్వు పని సూసుకో తల్లీ.”

తిరుగు ప్రయాణంలో పుంగనూరులో దిగి, రెడ్డెప్పను టీ అంగడికి పిలిచి కథంతా చెప్పాను. రేడియో దగ్గరికి వచ్చేసరికి టీ అంగడాయన కూడా గ్లాసులు కడగడం ఆపి విన్నాడు.

సోమవారం సాయంత్రం సుజాత ఫోన్ చేసింది. “డ్రాయింగులు బెంగుళూరుకు పోయినాయన్నా. వాళ్లు సూసి బాగుండాయన్నారు. ఇంట్లోనే ఉండి చేసుకోమన్నారు. రెండు రేయిలూ ఒక్కసారి గూడా పడిపోలేదు.”

ఒక్కసారి కూడా పడిపోలేదట. ఒక్క క్షణం నేను కూడా నా కథను నమ్మాను. నిజంగానే కొత్త సంగతి కనిపెట్టానేమో అనుకున్నాను. అంగట్లో ఉన్న గిరాకీకి వినబడేలాగా, “నేను చెప్పలేదా?” అన్నాను గట్టిగా.

“నువ్వు చెప్పినట్లే చేస్తిమన్నా. పీట మీద పెడితిమి, కంచె ఆపితిమి,” అంది సుజాత. తర్వాత మామూలు గొంతుతోనే, “తెల్లారుజామున ఏనుగులు వచ్చినాయి. మామ ఈ పక్క కావిలుంటే అవి ఆ పక్కనించి వచ్చినాయి. సగం సేను పోయింది. దానికి నువ్వేం చేస్తావులే. మామ నీకు దండాలు చెప్పమన్యాడు,” అంది.

ఫోన్ పెట్టేశాను. తిట్టి ఉంటే ఏదో ఒకటి చెప్పుకునేవాణ్ని. దండాలకు ఏమని జవాబు చెప్పాలి?

మరుసటి రోజు పొద్దున్నే మళ్లీ బస్సెక్కాను. పుంగనూరులో బస్సు ఆగినప్పుడు రెడ్డెప్ప కిటికీ దగ్గరికి వచ్చాడు. నేను వస్తున్నానని ఫోన్ చేసి ఉన్నాను.

“ఏం శీనప్పా, మా పక్క తోటలో గూడా పందులకు కంచె వేసిండారు. నీ కథ ఇన్నాక తీపించేయమని వాళ్లతో కొట్లాడితి,” అన్నాడు. వేళాకోళమో నిజమో తెలియలేదు. నా మొహం చూసి గొంతు తగ్గించాడు. “ఏమైంది?”

చెప్పాను. అతను సర్వేయరు. తాడు ఎక్కడ వంకరపోయిందో వెతకడం అలవాటు.

“పీటా కంచే రెండూ ఒకేసారి మార్పిస్తివి గదా. దేంట్లో గుణముండాదో నీకెట్ల తెలిసె?”

బస్సు కదిలింది. మూడు గంటల దారి. పలమనేరు దాకా అదే మాట నన్ను తింటూ వచ్చింది. ఈ వృత్తిలో అక్షరాభ్యాసం అదే. ఒకసారి ఒక్కటే మార్చాలి, మార్చి చూడాలి. లేకపోతే బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు. పలమనేరు దాటాక బల్ల కింద గోడకూ మూటకూ మధ్య ఇరుక్కుని కూర్చున్న ఆ పెట్టె కళ్లముందుకు వచ్చింది. అప్పుడే సగం అర్థమైంది.

ఇంటికి పోతూనే మునెప్పను కంచె స్విచ్చి వేయమన్నాను. పట్టపగలు. పెట్టె ఇంకా గది మధ్యలో పీట మీదే ఉంది. సుజాతను బిల్డింగు తిప్పమన్నాను. వరండాలో టక్కు టక్కుమంటూనే ఉంది, తెరమీద స్కూలు గిరగిరా తిరుగుతూనే ఉంది. ఏమీ కాలేదు. తర్వాత కంచె ఆపించి, పెట్టెను మళ్లీ పాత చోట గోడకూ మూటకూ మధ్య తోశాను. తిప్పమన్నాను. ఆ అమ్మాయి పాపను ఒళ్లో పెట్టుకుని తిప్పుతూ ఉంది. కాసేపటికి ఫేటల్ ఎర్రర్ వచ్చింది. కంచె నిశ్శబ్దంగా ఉంది.

సుజాత మౌస్ వదిలేసింది. నా వైపు చూడలేదు, మామ వైపు చూసింది.

అప్పుడు స్క్రూడ్రైవర్ తీసి, నా సీలు నేనే చింపి, పెట్టె మూత తీశాను. గ్రాఫిక్స్ కార్డు మీద హీట్ సింక్ అని ఉంటుంది, వేడిని లాగి గాలికి వదిలే లోహపు పలకల దొంతర. ఆ పలకల మధ్య రాగి పొట్టూ దుమ్మూ కలిసి కంబళిలాగా పట్టుకుని ఉంది. ఫ్యాన్ తిరుగుతోంది గాని గాలి పోవడానికి సందు లేదు. ఫ్లాటుగా గీసేటప్పుడు కార్డుకు పెద్ద పని ఉండదు. త్రీడీలో తిప్పితే పని ఎక్కువై వేడెక్కుతుంది, వేడి తట్టుకోలేక కార్డు చేతులెత్తేస్తుంది, సాఫ్ట్‌వేర్ పడిపోతుంది. పీట మీద గది మధ్యకు వచ్చాక దానికి అంతో ఇంతో గాలి ఆడింది. కరెంటు పారకుండా అని నేను అల్లిన అబద్ధంలో పీట ఒకటి ఉండబట్టి సుజాత పని నిలబడింది. కంచె ఆపకుండా పీట ఒక్కటే వేసి ఉంటే చేను కూడా నిలబడేది.

శనివారమే నాలుగు స్క్రూలు విప్పి ఉంటే, ఒక బ్రష్షుతో పోయే పని.

బ్రష్షుతో దులిపాను. కంచె వేయించి మళ్లీ తిప్పించాను. పడిపోలేదు. ఆ తర్వాత మునెప్ప నన్ను చేను దగ్గరికి తీసుకుపోయాడు. ఆ పక్క తీగ తెగి నేలమీద ఉంది. కోతకు వచ్చిన రాగి మట్టిలోకి అణిగిపోయి, ఏనుగు అడుగులు పడిన చోట గుంటలై నీళ్లు నిలిచాయి. తినింది కొంత, తొక్కింది ఎక్కువ. ఆయన గట్టుమీద కూర్చున్నాడు. నేను నిలబడే చెప్పాను.

“పెద్దాయనా, కంచెది తప్పు కాదు. నాకు తెలియక అట్ల చెప్పినాను. కాదు, తెలియక గూడా కాదు, మీరంతా నవ్వతా ఉంటే చెప్పినాను.”

మునెప్ప చివ్వున లేచాడు. తలగుడ్డ తీసి నేలకు కొట్టాడు. “నీ నోట్లో మన్ను పడ. నీకంటే ఏనుగులే నయం గదరా. అవి ఆకలికి తినిపోయినాయి. నువ్వు యాలరా తినింది నా సేను?” అన్నాడు. గొంతు గట్టు దాటి ఊళ్లోకి వినిపించింది. నేను తల వంచుకుని అంతా విన్నాను. వింటుంటే గుండెల్లో బరువు కొంచెం కొంచెం దిగింది.

ఆనాటినుంచి నా అంగట్లో సీళ్లు లేవు. ఎవరి మిషన్ వచ్చినా ముందు పెట్టె విప్పుతాను, తర్వాతే సాఫ్ట్‌వేర్. ఒకసారి ఒక్కటే మారుస్తాను. కారణం దొరకనప్పుడు “తెలియదమ్మా, ఇంకా చూడాలి” అంటాను. ఆ మాట చెబితే గిరాకీ పోతుందని ఇన్నేళ్లు భయపడ్డాను. ఎవరూ పోలేదు. బల్లి కథ మాత్రం అప్పుడప్పుడు చెబుతుంటాను. అయితే మిషన్ బాగుపడ్డాకే చెబుతాను.

ఇక ఒట్టు సంగతి. నా స్క్రూడ్రైవర్ మీదా, కళ్లజోడు మీదా వేసిన ఒట్టు ఒక్కచోట తప్పింది. కంచె, పీట, రేడియో, ఏనుగులు, అన్నీ నిజమే. మునెప్ప తిట్టిన తిట్లు మాత్రం నేను కల్పించినవి. ఆ సాయంత్రం తిరుగు బస్సులో కూర్చుని, ఒక్కొక్క మాటా ఏరి ఆయన నోట్లో పెట్టుకున్నాను. ఎవరో ఒకరు తిట్టాలి కదా.

ఆయన తలగుడ్డ నేలకు కొట్టలేదు. లేవనే లేదు. నేను చెప్పింది అంతా విని, పక్కన పడి ఉన్న ఒక కంకి తీసి అరచేతిలో నలిపి ఊదాడు. గింజలు చూసుకున్నాడు. “పొద్దున బయలెల్లినావు, ఏమన్నా తింటివో లేదో,” అని ఇంట్లోకి తీసుకుపోయి సంగటి పెట్టించాడు. నేను తిన్నాను. చేయి కడుక్కుని సంచి భుజానికి తగిలించుకుంటుంటే వరండాలోకి వచ్చి, కంచె డబ్బా మీద చేయి పెట్టి అడిగాడు.

“సుజాతకు ఈ రేత్తిరి గూడా పనుండాదంట. మిగిలిండే సేనుకు కంచె వేసుకోవచ్చునాప్పా?”

తల ఊపాను.

“నోటితో చెప్పప్పా,” అన్నాడు.